తాత సమాధి, మనవడి సింహాసనం
(జోసన్ చివరి శతాబ్దం – 5)

గత భాగంలో 1849 వేసవి దగ్గర ఆగాం. నాటి కొరియా రాజ్యమైన జోసన్‌లో రాజు హొన్‌జోంగ్ వారసుడు లేకుండా కన్నుమూశాడు. రాజధాని హన్‌యాంగ్ నుంచి బయలుదేరిన ఊరేగింపు కాంగ్‌హ్వా దీవికి చేరి, మట్టి పనులు చేసుకుని బతుకుతున్న ఒక కుర్రవాడి ముందు సాష్టాంగపడింది. ఆ కుర్రవాడి తాతను 1801లో చంపించారు. అన్నను 1844లో రాజద్రోహం కేసులో చంపించారు. అందుకే గుమ్మం ముందు రాజభటులను చూసి, ఈసారి తన వంతు వచ్చిందనుకున్నాడని అంటారు. వాళ్లు తెచ్చింది మాత్రం కిరీటం. అతనే చొల్‌జోంగ్. చదువు లేదు, తండ్రి లేడు, వెనకేసుకొచ్చే బంధువులు లేరు. అతన్ని ఎంచుకోవడానికి అర్హతలు కూడా అవే. ఎంపిక చేసిన వృద్ధ రాజమాత సున్వొన్ పుట్టిల్లు ఆండోంగ్ కిమ్ వంశం. ఆమె భర్తకూ, మనవడు హొన్‌జోంగ్‌కూ, ఇప్పుడు ఈ కాంగ్‌హ్వా కుర్రవాడికీ ఆ ఇంటి ఆడపిల్లలే రాణులయ్యారు. దేశాన్ని రాజు పేరున రాణి పుట్టింటివారు ఏలే ఈ పద్ధతికి కొరియన్లు ‘సెదో’ అని పేరు పెట్టుకున్నారు. ఈ భాగంలో ఆ గుప్పిట ఎలా జారిపోయిందో చూద్దాం.

ఈ ఘట్టం తెలుగు ప్రేక్షకులకు పూర్తిగా కొత్తదేమీ కాదు. 2020లో కొరియాలో టీవీ చోసన్ చానెల్ 21 భాగాలుగా ప్రసారం చేసిన ‘కింగ్ మేకర్: ది ఛేంజ్ ఆఫ్ డెస్టినీ’ ఈ కాలపు కథే. దాని కొరియన్ పేరుకు అర్థం ‘గాలి, మేఘం, వాన’. యి బ్యోంగ్‌జు రాసిన నవల దీనికి ఆధారం. చోయ్ చున్‌జుంగ్ అనే జాతకాల నిపుణుడు మనుషుల పుట్టిన ఘడియ చూసి భవిష్యత్తు చెబుతాడు. సీరియల్‌లో చొల్‌జోంగ్ కూతురైన బోంగ్‌రియోన్‌కు జరగబోయేది కళ్లకు కడుతుంది. కిమ్ వంశం ఒక పక్క, రాజబంధువు యి హాఉంగ్ మరో పక్క నిలబడి వాళ్లిద్దరి కోసం పోటీపడతారు. ముందు చూపు ఎవరి చేతికి చిక్కితే సింహాసనం వారిదన్నది ఈ సీరియల్ సూత్రం. యి హాఉంగ్ నిజమైన మనిషి, కిమ్ వంశం నిజం. చున్‌జుంగ్, బోంగ్‌రియోన్ కల్పితం. చొల్‌జోంగ్‌కు బతికి బట్టకట్టిన సంతానం ఒక్క కూతురు. ఆమె 1872లో పెళ్లయిన మూడు నెలలకే పోయింది. ఆమెకు దివ్యదృష్టి ఉన్నట్టు చరిత్రలో ఎక్కడా లేదు. అయినా సీరియల్‌ను కట్టుకథ అని పక్కన పెట్టేస్తే నష్టపోయేది మనమే. రాజకీయమంతా జోస్యుల చుట్టూ తిరిగిందన్న దాని ఊహలో పెద్ద నిజమే ఉంది, కాకపోతే అది తలకిందులుగా ఉంది. జోసన్ దర్బారులో జోస్యం భవిష్యత్తును చూపే అద్దంగా పనిచేయలేదు. నోరు విప్పి అంటే తల తెగిపోయే మాటను అనడానికి దొరికిన ఏకైక భాష అదే.

ఆ మాట ఏమిటంటే, ‘ఈ రాజు తరువాత ఎవరు?’ కొడుకులున్న రాజు దగ్గర ఈ ప్రశ్నే పుట్టదు. కొడుకుల్లేని రాజు దగ్గర అందరి గుండెల్లోనూ అదే ఉంటుంది, నోట మాత్రం రాకూడదు. జోసన్‌లో సింహాసనానికి పనికొచ్చే రక్తం ఒంట్లో ఉండటమే ఒక నేరం. యి హాజొన్ అనే రాజబంధువు సంగతే చూడండి. 1849లో వారసుడి కోసం వెతుకుతున్నప్పుడు అతని పేరు వినిపించింది. 1862లో అతని మీద కుట్ర నేరం మోపారు. జేజు దీవికి పంపి, విషం తాగించి చంపారు. ఇలాంటి చోట ‘మా అబ్బాయి రాజు కాదగినవాడు’ అని ఏ తండ్రి అనగలడు? తన ఇంటి దిక్కున రాజయోగం కనిపిస్తోందని ఊరు అనుకుంటోందట అని మాత్రం అనగలడు. ఆ మాటకు కర్త లేడు. పట్టుకుని శిక్షించడానికి మనిషి దొరకడు. జోస్యం బలమంతా అది నిజం కావడంలో కన్నా, చెప్పినవాడెవడో తెలియకపోవడంలోనే ఉంది.

ఇదే కత్తిని తిప్పి పట్టుకుంటే శత్రువు మెడ మీద పడుతుంది. 1519లో సంస్కర్త జో గ్వాంగ్‌జోను కూలదోయడానికి అతని ప్రత్యర్థులు అంతఃపురపు తోటలో ఆకుల మీద తేనెతో అక్షరాలు రాయించారనీ, పురుగులు ఆ తేనె వెంట తింటూపోగా ‘జో అనేవాడు రాజవుతాడు’ అని ఆకు మీద తేలిందనీ ఒక కథ. పురుగులు నిజంగా అంత చదువుకున్నాయా అన్నది వేరే సంగతి. ఆ కథ శతాబ్దాల తరబడి నమ్మదగినదిగా అనిపించిందంటే, జోస్యాన్ని తయారు చేయవచ్చని ఆ దర్బారులో అందరికీ తెలుసన్నమాట. 1589లో జోంగ్ యోరిప్ మీద తిరుగుబాటు నేరం మోపినప్పుడు కూడా ‘యి పోతాడు, జోంగ్ లేస్తాడు’ అన్న అర్థం వచ్చే అక్షరాల పొడుపు చెలామణిలో ఉంది. యి అనేది రాజవంశం ఇంటిపేరు. ఆ కేసు పేరు చెప్పి పోగొట్టిన ప్రాణాలు లెక్కలేనన్ని.

మరి రాజ్యం ఈ విద్యను నిషేధించిందా? లేదు, తన ఉద్యోగిని చేసుకుంది. క్వాన్‌సాంగామ్ అనే ప్రభుత్వ కార్యాలయం నక్షత్రాలను చూసేది, పంచాంగం అచ్చువేసేది, నీటిగడియారం నడిపేది. అదే కార్యాలయంలో భూమి లక్షణం చూసేవారు ఒక శాఖ, జాతకం లెక్కగట్టి ముహూర్తాలు పెట్టేవారు మరో శాఖ. మూడేళ్లకోసారి పోటీ పరీక్ష రాసి ఈ ఉద్యోగాల్లో చేరాలి. జాతక శాఖలో అంధులకు ప్రత్యేకంగా స్థానం ఉండేది. చూపు లేనివారికి ఒక గౌరవమైన వృత్తి కల్పించిన రాజ్యాలు ఆ కాలంలో ఎన్నని! ఊళ్లలో కూడా ‘పాన్సు’ అని పిలిచే అంధ జోస్యులు మంత్రాలు చదివి, రోగాలు పోగొడతారని పేరు. వీరికి కాస్త మర్యాద ఉంది. పూనకం వచ్చి ఆడే ‘ముదాంగ్’కు అదీ లేదు. ఆమెది సమాజంలో అట్టడుగు మెట్టు. కన్ఫ్యూషియస్ చదువు చదివిన పండితులు ఆమెను నగరపు గోడల లోపల ఉండనివ్వకూడదని చట్టం చేశారు. ఆమె మీద పన్ను వేశారు. పిల్లవాడికి మశూచి సోకితే మాత్రం ఆ పండితుడి భార్య దొడ్డిదారిన ఆమెకే కబురు పంపేది. అంతఃపురంలోనూ ఇంతే. పగలు శాస్త్రం, రాత్రి పూనకం.

సామాన్యుడి బతుకులో ఈ విద్య పుట్టుక దగ్గర మొదలై కాటి దగ్గర కూడా ఆగేది కాదు. పుట్టిన ఏడాది, నెల, రోజు, గడియ అనే నాలుగు స్తంభాలను ‘సాజు’ అంటారు. ఒక్కో దానికి రెండేసి అక్షరాలు, మొత్తం ఎనిమిది. మన ప్రభవాది సంవత్సరాల్లాగే వాళ్ల లెక్క కూడా అరవై ఏళ్లకొకసారి మొదటికొస్తుంది. పెళ్లి కుదిరితే మగపిల్లవాడి ఇంటి నుంచి ఈ ఎనిమిది అక్షరాలు రాసిన కాగితం ఆడపిల్ల ఇంటికి వెళ్లేది. చచ్చాక మొదలయ్యేది ‘పుంగ్సు’, అంటే గాలి–నీరు. కొండ వెన్ను ఎటు తిరిగింది, వాగు ఎటు వంగింది చూసి, మంచి చోట పెద్దల ఎముకలు పెడితే ఆ భూమి సారం పిల్లల్లోకి ఎక్కుతుందని నమ్మకం. ఈ నమ్మకం ఎంత దూరం వెళ్లిందంటే, 18, 19 శతాబ్దాల్లో అధికారుల ముందుకొచ్చిన తగాదాల్లో సమాధి తగాదాలది పెద్ద వాటా. ఒకరి కొండలో ఇంకొకరు రాత్రికి రాత్రి శవాన్ని దొంగతనంగా పాతేవారు. తెల్లారి చూస్తే కొత్త మట్టిదిబ్బ. తవ్వి తీసేద్దామంటే ఎదుటివారి సమాధి తవ్వడం మహానేరం. ఇక తరాల తరబడి అర్జీలే. ఈ తగాదాలను కేవలం మూఢనమ్మకం అని కొట్టిపారేయలేం. ఒక కొండలో మీ పెద్దల సమాధి ఉంటే ఆ చుట్టుపక్కల కట్టెలూ, గడ్డీ, పోడు నేలా మీ అదుపులోకి వస్తాయి. పొయ్యిలోకి కట్టె లేనిదే చలికాలం గడవని దేశంలో అది చిన్న ఆస్తి కాదు. నమ్మకమూ, ఆస్తీ ఒకే మట్టిదిబ్బ కింద పడుకున్నాయి.

పై అంతస్తులో భయంగా పలికిన భాషే కింది అంతస్తులో కోపంగా పలికింది. యి వంశం తరువాత జోంగ్ వంశం క్యేర్యోంగ్ కొండ దగ్గర కొత్త రాజధాని కడుతుందని చెప్పే ‘జోంగామ్నోక్’ అనే నిషిద్ధ గ్రంథం, మన కాలజ్ఞానం లాగా, రాతప్రతులుగా చేతులు మారుతూ ఊరూరా తిరిగింది. 1811 చివర్లో ఉత్తరాన ప్యోంగాన్‌లో హోంగ్ క్యోంగ్‌నే తిరగబడినప్పుడు, జోంగ్ ఇంటిపేరు గల మహాపురుషుడు వస్తున్నాడని చాటాడు. అతని కుడిభుజం ఉ గున్‌చిక్ వృత్తిరీత్యా సమాధి స్థలాలు చూసేవాడు. కాస్త ఆలోచిస్తే ఇది ఎంత సహజమో తెలుస్తుంది. ఊరు దాటాలంటే కారణం చెప్పుకోవాల్సిన రోజుల్లో, కొండలు చూసుకుంటూ జిల్లాలు తిరిగే హక్కున్న మనిషి, ధనికుడి ఇంట్లో భోజనం చేసి పేదవాడి ఇంట్లో నిద్రపోయే మనిషి, భూమి లక్షణం చెప్పేవాడే. తిరుగుబాటుకు కావలసిన తపాలా వ్యవస్థ అతని కాళ్లలో ఉంది. చొల్‌జోంగ్ కాలానికి పల్లెల పరిస్థితి ఇంకా దిగజారింది. పాలు తాగే పసివాడి పేరు సైన్యం జాబితాలో రాసి బట్ట పన్ను వేశారు, ఎముకలైపోయిన వాడి పేరు మీద కూడా వసూలు చేశారు. కరువులో ఆదుకోవాల్సిన ధాన్యపు అప్పు వడ్డీ వ్యాపారమైంది. 1862లో జింజులో రైతులు లేచారు. ఆ ఏడాదిలోనే డెబ్బైకి పైగా చోట్ల మంట అంటుకుంది. ‘ఈ రాజ్యం ఎన్నాళ్లు?’ అన్న ప్రశ్న ఇప్పుడు రాజభవనానికీ, పూరిగుడిసెకూ ఒకటే అయింది.

ఈ రెండింటి నడుమ నిలబడి ఉన్నవాడు యి హాఉంగ్. 1820లో పుట్టాడు. తండ్రి నమ్యోన్ ప్రభువు రక్తసంబంధం చూస్తే రాజుకు చాలా దూరం, దత్తత లెక్కన మాత్రం దగ్గర. 1836లో ఆ తండ్రి పోయాడు. పది పన్నెండేళ్ల తరువాత నాలుగో కొడుకైన హాఉంగ్ ఆ సమాధిని యోన్‌చొన్ నుంచి దక్షిణాన దొక్సాన్ దగ్గరి కాయా కొండకు మార్చాడు. స్థలం చూసిన జోంగ్ మానిన్, అక్కడ సమాధి పెడితే రెండు తరాల చక్రవర్తులు పుడతారని చెప్పాడట. చిక్కేమిటంటే సరిగ్గా ఆ చోట ఒక పాత బౌద్ధాలయం, దాని స్తూపం ఉన్నాయి. హాఉంగ్ ఆస్తులమ్మి డబ్బు పోగుచేసి, ఆలయం తగలబడేలా చేసి, స్తూపాన్ని పడగొట్టించాడని కథ. పని మొదలుపెట్టబోతే అన్నలు ముగ్గురికీ ఒకే పీడకల వచ్చిందట. తెల్లబట్టల ముసలివాడు కలలో కనిపించి వంశనాశనం అవుతుందని శపించాడు. వాళ్లు వణికిపోతుంటే తమ్ముడు మాత్రం ‘అంతగా అడ్డుపడుతున్నాడంటే ఇది నిజంగా గొప్ప స్థలమే’ అని గొడ్డలి అందుకున్నాడట. కథలో ఎంత కల్పన ఉన్నా సమాధి అక్కడే ఉంది, చుట్టూ కొండలు కోటగోడల్లా నిలిచిన చోట, ఇప్పటికీ. శవయాత్ర సంగతి కూడా పుకారు కాదు. అంత దూరం పాడెను ఏ ఒక్క జట్టూ మోయలేదు. ఏ ఊరి పొలిమేరలో ఆ ఊరివాళ్లు భుజం పట్టి, తరువాతి ఊరికి అప్పగించారు. చివరి మజిలీ మోసిన నమున్దుల్ అనే పల్లెకు ఆ అలంకారపు పాడెను బహుమానంగా ఇచ్చేశారు. ఆ ఊరు దాన్ని తరతరాలుగా దాచుకుంది.

కథకులు సమాధి దగ్గర ఆగిపోతారు. అసలు సంగతి ఇంకో సమాధి దగ్గర ఉంది. 1846లో రాజ్యం ఒక రాజసమాధిని వేరే చోటికి మార్చింది. దాని పేరు సురుంగ్. రాజు కాకుండానే 1830లో మరణించిన యువరాజు హ్యోమ్యోంగ్‌ది అది. ఈ మార్పు కోసం వేసిన ప్రత్యేక కార్యాలయంలో యి హాఉంగ్‌కు ఒక బాధ్యత దక్కింది. ఆ తరువాతే రాజబంధువుల కార్యాలయంలో పదవులు వరుసగా వచ్చాయి. ఆ యువరాజు భార్య ఎవరు? పుంగ్యాంగ్ జో వంశపు ఆడపడుచు, హొన్‌జోంగ్ తల్లి, కిమ్ వంశపు అత్తగారి నీడలో దశాబ్దాలుగా నోరు మూసుకుని కూర్చున్న జో రాజమాత. భర్త అస్థికలు ఎక్కడ పెట్టాలన్న విషయంలో ఆమెకు పట్టింపు ఉండటం సహజం. ఆ పనిలో నమ్మకంగా మెలిగిన మనిషి ఆమె దృష్టిలో పడటమూ సహజమే. రాజబంధువూ, విధవరాణీ కలిసి కూర్చుని వారసుడి గురించి మాట్లాడితే కుట్ర. ఒక సమాధి దిక్కు, మట్టి, ముహూర్తం గురించి కబుర్లు నడిస్తే అది పితృభక్తి. జో వంశంలోని ఆమె మేనల్లుడు జో సోంగ్‌హా తరువాతి రోజుల్లో ఇద్దరి మధ్య మాటలు మోశాడు. పుంగ్సు తండ్రి ఎముకల ద్వారా పనిచేసిందో లేదో ఎవరి నమ్మకం వారిది. ఆ ఎముకల పేరు మీద తలుపులు తెరుచుకున్నాయన్నది మాత్రం కాదనలేం.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎవరికైనా తడుతుంది. ఇదంతా ఎత్తుగడే అయితే హాఉంగ్ అంత ఖర్చు, అంత పాపభయం ఎందుకు నెత్తిన వేసుకున్నాడు? నమ్మకం లేనివాడు ఆలయం తగలబెట్టిస్తాడా? సరైన ప్రశ్నే. అతనికి నమ్మకం లేదని ఇక్కడ వాదన కాదు. అతను నమ్మాడు, అతని కాలమంతా నమ్మింది. సింహాసనం వచ్చాక, తగలబడ్డ ఆలయానికి పరిహారంగా సమాధికి దగ్గరలో బొదొక్సా అనే కొత్త ఆలయం కట్టించాడు. లోపల గుబులు లేనివాడు ఆ పని చేయడు. కానీ నమ్మకాన్నీ, లెక్కనూ రెండు వేరు వేరు పెట్టెల్లో పెట్టి చూడటం మన కాలపు అలవాటు. పెళ్లికి ముహూర్తం పెట్టించుకునే కుటుంబమే కట్నం దగ్గర పైసా వదలదు కదా. నమ్మకం మనిషికి తెగింపు ఇస్తుంది, ఏ దారిన వెళ్లాలో చెప్పదు. హాఉంగ్ తండ్రిని మంచి చోట పెట్టి ఇంట్లో కూర్చుని ఉంటే రెండు తరాలు కాదు, ఒక్క రోజు కూడా రాజ్యం వచ్చేది కాదు. యి హాజొన్ ఇంటివాళ్లు తమ పెద్దలను చెడ్డ చోట పెట్టలేదు కూడా, రాజకుటుంబపు ఏ శాఖకు మాత్రం మంచి కొండ దొరకదు?

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఈ జోస్యాలన్నీ ఫలితం తెలిశాక పుట్టినవేనేమో! పిల్లవాడి ముఖం చూసి కాబోయే రాజని కనిపెట్టిన ఒంటికన్ను ముఖశాస్త్రజ్ఞుడు పాక్ యుబోంగ్ కథ, హాఉంగ్ ఇల్లున్న ఉన్‌హ్యోన్ దగ్గర రాజతేజం ఉందని పాడుకున్న పాట, కాయా కొండ కలలు, వీటిలో చాలావరకు మనకు చేర్చింది హ్వాంగ్ హ్యోన్ లాంటి తరువాతి తరం పండితులు. హ్వాంగ్ హ్యోన్ దక్షిణాన ఒక మారుమూల పల్లెలో కూర్చుని, దేశం కూలిపోతున్న కథను విన్నది విన్నట్టు రాసుకుంటూ పోయాడు. 1910లో దేశాన్ని జపాన్ కలిపేసుకోగానే విషం తాగి ప్రాణం తీసుకున్నాడు. అతని చేదు అతని కథల్లో ఉంది. హాఉంగ్ కిమ్‌ల కళ్లు కప్పడానికి తాగుబోతులా తిరిగాడనీ, చావు జరిగిన ఇంటి కుక్క అని ఎగతాళికి గురయ్యాడనీ అందరూ చెప్పే ముచ్చటకు ఊపిరి పోసింది 1930లలో కిమ్ దోంగిన్ రాసిన నవల. నిజానికి అతను వరుసగా పదవుల్లో ఉన్నవాడు. గొప్ప పండితుడు కిమ్ జోంగ్‌హి దగ్గర పువ్వుల బొమ్మలు వేయడం నేర్చి, ఆ చిత్రాలతోనే పేరు తెచ్చుకున్నవాడు. కాబట్టి ఈ అభ్యంతరాన్ని చాలావరకు ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నా వాదన బలహీనపడదు. ఫలితం తెలిశాక జోస్యం ఎందుకు పుట్టాలి? రాజు కొడుకు కానివాడు రాజైతే, ‘ఇతనే ఎందుకు?’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. దానికి రాజమాత ఇష్టమన్న జవాబు చాలదు, ఆకాశం ఇష్టమనాలి. ముందు చెప్పిన జోస్యం ధైర్యమిస్తే, వెనక అల్లిన జోస్యం హక్కునిస్తుంది. రెండూ రాజకీయమే. పైగా సమాధి మార్పు, 1846 నాటి కార్యాలయం, 1811 నాటి తిరుగుబాటు, సమాధి తగాదాల అర్జీలు, ఇవేవీ తరువాత పుట్టిన పుకార్లు కావు.

ఇక ఆ రోజు. చాంద్రమానం ప్రకారం 1863 పన్నెండో నెల ఎనిమిదో తేదీన, మన క్యాలెండర్‌లో 1864 జనవరి 16న, చొల్‌జోంగ్ చనిపోయాడు. మగపిల్లలు బతకలేదు. రాజధాని చలికి గడ్డకట్టి ఉంది. కిమ్‌ల చేతిలో మంత్రి పదవులున్నాయి, సైన్యం ఉంది, ఖజానా ఉంది. ఆ ఇంటి పెద్ద కిమ్ జ్వాగున్ ఉంపుడుగత్తె ద్వారా ఉద్యోగాలు అమ్ముడుపోతాయని వీధుల్లో ఎగతాళి నడిచేది, అంత ధీమా వాళ్లది. వాళ్ల చేతిలో లేనిది ఒక్కటే. రాజు పోతే రాజముద్ర అంతఃపురంలో వయసులో, వరుసలో పెద్దదైన స్త్రీ చేతికి వెళుతుంది. వారసుడి పేరు ఆమె నోట రావాలి. 1849లో ఆ స్త్రీ కిమ్ ఇంటి ఆడపడుచు. ఆమె 1857లో పోయింది. ఆ క్షణం నుంచీ జో రాజమాత పెద్ద. అంటే కిమ్‌ల ఓటమి ఆరేళ్ల ముందే జరిగిపోయింది, రాజు ప్రాణం పోయేదాకా కనపడలేదంతే. జో రాజమాత ముద్ర తీసుకుని, పెద్ద మంత్రులను పిలిపించి, హాఉంగ్ రెండో కొడుకు పేరు చెప్పింది. ఆ పిలుపు అందుకున్నవారిలో జోంగ్ వొన్‌యోంగ్ అనే వృద్ధుడు ఉన్నాడు. 1849లో కాంగ్‌హ్వా దీవికి వెళ్లి చొల్‌జోంగ్‌ను తెచ్చినవాడు అతనే. పద్నాలుగేళ్లలో రెండోసారి, రాజు కొడుకు కాని రాజును చూడటం అతని వంతయింది.

పేరుకన్నా పదునైనది ఆమె పెట్టిన షరతు. 1852లో పుట్టిన ఆ బాలుణ్ణి చొల్‌జోంగ్‌కు దత్తు ఇవ్వలేదు. ఎప్పుడో పోయిన తన భర్తకు దత్తు ఇచ్చింది. చొల్‌జోంగ్‌కు దత్తు వెళ్లి ఉంటే అతని విధవరాణి, కిమ్ ఇంటి పిల్ల, కొత్త రాజుకు తల్లి అయ్యేది. మళ్లీ పాత కథే. ఒక్క దత్తత కాగితంతో అరవై ఏళ్ల వంశాధికారం పునాది కదిలిపోయింది. ఇందులో జాతకం ఎక్కడుంది? సీరియల్‌లో ఉత్కంఠంతా భవిష్యత్తు ఎవరికి కనిపిస్తుందన్న దాని మీద నడుస్తుంది. ఇక్కడ భవిష్యత్తు చూడగలిగింది, అత్త చావు తరువాత తన వరుస ఏమిటో లెక్కపెట్టుకుని ఓపిగ్గా కూర్చున్న ఒక యాభై ఆరేళ్ల విధవ. ఆమెకు దివ్యదృష్టి అక్కర్లేదు, వంశవృక్షం చాలు.

బాలుడు గోజోంగ్ రాజయ్యాడు. తండ్రి హాఉంగ్‌కు రాజుకు కన్నతండ్రి అన్న అర్థం వచ్చే ‘దేవొన్‌గున్’ బిరుదు దక్కింది. బతికుండగా ఆ బిరుదు పొందిన తండ్రి జోసన్ చరిత్రలో ఆయనొక్కడే. అధికారం వచ్చాక ఆయన జోస్యాన్ని వదిలేయలేదు, పైనుంచి మాట్లాడటం మొదలుపెట్టాడు. 1592 జపాన్ దండయాత్రలో తగలబడి పాడుబడ్డ క్యోంగ్‌బోక్ రాజభవనాన్ని తిరిగి కట్టాలన్న ఆజ్ఞ 1865లో వెలువడింది. సరిగ్గా ఆ ఏడాదే నేల తవ్వుతుంటే ఒక పురాతన పాత్ర దొరికిందని చాటారు. దాని మీది అక్షరాలు దేవొన్‌గున్‌కు దీర్ఘాయువు కోరాయి. పురాతన పాత్రకు అప్పుడే పదవిలోకి వచ్చిన మనిషి ముచ్చట ఎలా తెలిసిందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. జనం వంతుల వారీగా రాళ్లు మోశారు. డబ్బు చాలక 1866లో ఒకటి వంద అని చెప్పి కొత్త నాణెం కొట్టించారు, బజారులో ధరలు భగ్గుమన్నాయి. ఆయనకు న్యాయం చేయాలంటే మరో పక్క కూడా చెప్పాలి. పండితుల మఠాలు వందలకొద్దీ మూయించి 47 మాత్రం ఉంచాడు. సామాన్యుడి నెత్తినే ఉన్న సైనిక బట్ట పన్నును పెద్దింటివారి మీదికి కూడా తెచ్చాడు. జోంగ్ మహాపురుషుడు వచ్చి చేస్తాడని జనం ఎదురుచూసిన పనుల్లో కొన్ని యి వంశంవాడే చేశాడు.

జోస్యాల, సమాధుల ఆ భాషను ఒక విదేశీయుడు కూడా నేర్చుకున్నాడు, అదీ వికారంగా. ఎర్న్‌స్ట్ ఓపెర్ట్ అనే జర్మన్ వ్యాపారి జోసన్ తలుపులు వ్యాపారానికి తెరిపించాలని రెండుసార్లు ప్రయత్నించి విఫలమయ్యాడు. 1868లో ‘చైనా’ అనే ఓడ మీద మళ్లీ వచ్చాడు. ఒక ఫ్రెంచి మతగురువు వెంట ఉన్నాడు. దొక్సాన్ తీరంలో దిగి, కాయా కొండ ఎక్కి, నమ్యోన్ ప్రభువు సమాధి తవ్వడం మొదలుపెట్టారు. ఎముకలు చేతికొస్తే రాజు తండ్రి బేరానికి దిగివస్తాడని లెక్క. కానీ జోసన్ పెద్దింటి సమాధుల్లో శవపేటిక చుట్టూ సున్నం, ఇసుక, ఎర్రమన్ను కలిపి పోస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ అది రాయిగా బిగుసుకుపోతుంది. పారలు విరిగాయి. సముద్రం ఆటు మొదలైతే ఓడకు దారి ఉండదు. తెల్లవారేలోగా వట్టిచేతులతో పారిపోయారు. రాజు తాత సమాధి మీద గడ్డపార పడ్డ వార్త హన్‌యాంగ్ చేరేసరికి, విదేశీయులతో మాట్లాడదామన్నవాడు ఎవరైనా మిగిలి ఉంటే వాడి నోరు కూడా పడిపోయింది. క్రైస్తవుల మీద వేట ముమ్మరమైంది. ఓపెర్ట్ లెక్క ఒక విధంగా సరైందే, ఆ సమాధికి రాజ్యమంత విలువ ఉందని అతనికి అర్థమైంది. ఆ విలువే తన మీద తిరగబడుతుందని తోచలేదు.

రెండు తరాల చక్రవర్తులన్న మాట కూడా అక్షరాలా నెరవేరింది. 1897లో గోజోంగ్ తనను చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు, 1907లో కొడుకు సున్‌జోంగ్ చక్రవర్తి అయ్యాడు, 1910తో దేశమే లేదు. రెండు అన్నాడు గాని ఆ తరువాత ఏమిటో జోంగ్ మానిన్ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అక్కడికి చేరడానికి మన కథకు ఇంకా దూరముంది. ఇప్పటికి దేవొన్‌గున్ ముందున్న పని కొడుక్కి పెళ్లి చేయడం. రాణి పుట్టింటివారు రాజ్యమేలడం ఆయన కళ్లారా చూసినవాడు. అందుకే 1866లో తండ్రి లేని, సొంత అన్నదమ్ములు లేని, పెద్ద అండ లేని ఒక పిల్లను వెతికి తెచ్చాడు, కాంగ్‌హ్వా నుంచి చొల్‌జోంగ్‌ను తెచ్చినవాళ్లు ఏ లెక్క వేశారో అదే లెక్కతో. ఆమె తన భార్య ఇంటిపేరు గలదే, మిన్ వంశం. ఏడేళ్లు ఆ పిల్ల చదువుకుంటూ, చూస్తూ కూర్చుంది. 1873లో ఒకరోజు దేవొన్‌గున్ తన ఇంటి నుంచి రాజభవనంలోకి తనకోసమే పెట్టించుకున్న ద్వారం దగ్గరికి వచ్చేసరికి అది మూసి ఉంది. ఆ తలుపు వెనక ఉన్నదెవరో, 1882లో ఆమె ప్రాణాలరచేత పట్టుకుని పారిపోయి దాక్కున్న పల్లెలో ‘ఫలానా రోజున తిరిగి వెళతావు’ అని తేదీ చెప్పిన ముదాంగ్ ఎవరో, అట్టడుగు మెట్టు నుంచి ఆ పూనకపు ఆడది రాజబిరుదు దాకా ఎలా ఎక్కిందో వచ్చే భాగంలో.